పర్దా ఈవల ప్రజాభిప్రాయం

ఓటు అనే మాట మా గల్లీలకు కొత్తగ వచ్చిన రోజులవి. అంతకుముందు మాకు ఏది వచ్చినా పైనుంచే వచ్చేది. హుకుం వచ్చేది, పన్ను నోటీసు వచ్చేది, అప్పుడప్పుడు టీకాలు ఏసేటోళ్లు వచ్చేటోళ్లు. కని “మీకేం కావాలె” అని అడుగుకుంట వచ్చినోడు మా తాత కాలం నుంచి ఒక్కడు లేడు. అసోంటిది, బల్దియా ఎలక్షన్లు (మున్సిపాలిటీని మేము బల్దియా అంటం) అనంగనే నలుగురు పెద్దమనుషులు ఒక్కసారి మా గల్లీల పడి, గడప గడపకు చేతులు జోడించుకుంట తిరుగవట్టిరి. చేతులు జోడించి వాకిట్ల నిలవడ్డ మనిషిని చూస్తే ఏదన్న పెట్టి పంపుడే మా ఇంటి అలవాటు. మొదటిరోజు వచ్చినాయనకు మా అమ్మ దోసెడు బియ్యం తెచ్చి ఇచ్చింది. ఆయన షేర్వానీ కొంగు పట్టి తీసుకున్నడు గూడ. వద్దంటే ఒక ఓటు పోతదనుకున్నడేమో. ప్రజలు ఏమిచ్చినా కాదనొద్దన్న నీతిని నేను మొదటిసారి చూసింది ఆ బియ్యంలనే.

అప్పటికి నాకు ఇరవై ఏండ్లు. పత్తర్‌గట్టి నుంచి పది నిమిషాలు నడిస్తే మా ఇల్లు. మా తాతలు గుడిల పూజ చేసుకునేటోళ్లు. మా బాపు మాత్రం దఫ్తర్ల గుమాస్తా. ఉర్దూల మెట్రిక్ దాక చదివిన ఆడపిల్ల మా గల్లీ మొత్తం మీద నేనొక్కదాన్నే గనుక, గల్లీల ఉన్న సర్కారు ఆడపిల్లల బడిల టెంపరరీ పంతులమ్మగ పెట్టుకున్నరు. పంతులమ్మను మా దిక్కు ఉస్తానీ అంటరు. చిన్నపిల్లలే కాదు, వాళ్ల తల్లులు, నాయనమ్మలు గూడ నన్ను ఉస్తానీ అని పిలుస్తుంటే నాకు భూమి మీద కాళ్లు ఆనకపోయేది. బడి అంటే పెద్దదేం గాదు. ఒకరి ఇంట్ల కిరాయికి తీసుకున్న నాలుగు అర్రలు. ఆ ఇంటాయన బిడ్డ పెండ్లి పేరు జెప్పి ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు. విద్యాశాఖోళ్లు ఏం ఫికర్ చెయ్యకుండ సైదాబాద్‌ల ఇంకో ఇల్లు చూసుకున్నరు. బడి సైదాబాద్ పోతే నా కొలువు పోయినట్టే. “గల్లీ దాటి కొలువు చేసుడేంది, ఇంట్ల కూసో, సంబంధాలు చూస్త” అని మా బాపు అప్పటికే రెండుసార్లు అన్నడు. కొలువు చెయ్యకముందు ఇంట్ల కూసునుడు నాకు కష్టమనిపించలే. ఒకసారి చాక్‌పీసు చేతులకు వచ్చినంక మాత్రం అది తలుచుకుంటేనే ఊపిరాడకపోయేది.

ఇంక మా కథానాయకుడు. పత్తర్‌గట్టిల బట్టల దుకాణం. పేరు ఎందుకుగని, ఊరందరు ఆయనను హాజీ సేఠ్ అనేటోళ్లు. మక్కాకు పోయి వచ్చినందుకు గాదు. ఆయన హిందువు, మా గుడికి ప్రతి శనివారం వచ్చేటోడు. దుకాణంకు వచ్చినోళ్లు ఏమన్నా “హాఁ జీ, హాఁ జీ” అనుడు ఆయన అలవాటు. ఈ రంగు పోతదా అంటే హాఁ జీ, పోదా అంటే హాఁ జీ. అట్ల హాఁ జీ సేఠ్ కాస్త హాజీ సేఠ్ అయిండు. ఇంత సుగుణం ఉన్న మనిషి దుకాణంల కూసుంటే దేశానికి నష్టమని ఎవరో చెప్పిండ్రంట, దానికి గూడ హాఁ జీ అన్నడు, ఎలక్షన్ల నిలవడ్డడు.

ఆయనకు ఒక్కటే సిద్ధాంతం. “నాదేం లేదు. పబ్లిక్ ఏమంటే అదే నా మాట.” (“సొంత అభిప్రాయం ఉండేదేమో, దుకాణంల ఏదో బట్టల తాను కింద పెట్టి మర్చిపోయి వచ్చిండు” అనేటోడు మా బాపు.) పొద్దుగాల పత్తర్‌గట్టి దుకాణందార్లు “ఫుట్‌పాత్ మీద బండ్లోళ్లను లేపేయాలె” అంటే, లేపేస్త అన్నడు. పగటీలి అదే ఫుట్‌పాత్ మీద బండ్లోళ్లు “మమ్మల్ని ఎవరు లేపొద్దు” అంటే, ఎవడు లేపుతడో చూస్త అన్నడు. రెండు మాటలు ఒకదానికొకటి పడయని ఎవరో అంటే, “పొద్దుగాల పబ్లిక్ వేరు, పగటీలి పబ్లిక్ వేరు” అన్నడు. రిక్షా సీటు కింద సంచిల మూడు తీర్ల టోపీలు పెట్టుకునేటోడు: ఒక రూమీ టోపీ, ఒక తెల్ల టోపీ, ఒక జరీ పగిడీ. గల్లీ మలుపు రాంగనే రిక్షా ఆపి, గల్లీకి తగ్గ టోపీ. ఒకసారి మా గల్లీ మలుపుల ఆపి శానసేపు ఆలోచించిండు. మా గల్లీల సగం ఇండ్లు ముసల్మానులయి, సగం ఇండ్లు మాయి. ఆఖరికి బోడినెత్తితోని వచ్చిండు. ఎండకు నెత్తి మాడుతున్నదని మేమందరం పాపమన్నం. అదే ఆయనకు ఎక్కువ పనికొచ్చింది.

మొగోళ్ల అభిప్రాయం తెలుసుకునుడు సులువే. చాయ్ హోటల్ల ఒక గంట కూసుంటే వద్దన్నా చెప్తరు. చిక్కంత ఆడోళ్లతోనే వచ్చింది. ఆడోళ్లకు గూడ ఒక్కొక్క ఓటు, అది గూడ మొగోని ఓటంత బరువుదే అని తెలిసినరోజు హాజీ సేఠ్‌కు అన్నం సయించలేదంట. మా గల్లీల శాన ఇండ్లల్ల గోషా. పరాయి మొగోని ముంగటికి వచ్చుడు దేవుడెరుగు, గొంతు గూడ ఇనిపియ్యరు. మరి ఇనపడని పబ్లిక్ అభిప్రాయం ఎట్ల తెలుసుకోవాలె. ఒకనాడు సేఠ్ మా ఇంటికొచ్చి అరుగు మీద కూసున్నడు.

“పంతులూ, మీ బిడ్డ అన్ని ఇండ్లల్లకు పోతది గద. నా మీటింగులల్ల పర్దా కాడ కూసుంటే చాలు. ఆడోళ్లు ఏమంటున్నరో ఆమెకు చెప్తరు, ఆమె నాకు చెప్తది.”

“మీరు చెప్పేది వాళ్లకు ఎవరు చెప్తరు?” అన్నడు బాపు.

“నేను గట్టిగ మాట్లాడుత. అది వస్తది నాకు.”

బాపు నా దిక్కు చూసిండు. నేను చూరు దిక్కు చూసిన. ఇరవై ఏండ్లకు ఒక వార్డు మొత్తం ఆడోళ్ల నోరు నేనే కాబోతున్ననంటే చిన్న ముచ్చటనా. “సర్కారు పని లెక్కనే గదా బాపు” అన్న. అది ఎట్ల సర్కారు పనో ఆయన అడగలే, నేను చెప్పలే.

మొదటి మీటింగు పాన్‌దాన్ ఖాలా ఇంట్ల. ఖాలా అంటే చిన్నమ్మ, గల్లీ అంతకు ఆమె ఖాలానే. డెబ్బై ఏండ్లు దాటినయ్. ఒళ్లె పాన్‌దాన్, అదే ఆకులు వక్కల డబ్బా, లేకుండ ఆమెను చూసినోళ్లు లేరు గనుక ఆ పేరు. ఇంటి ముంగట వరండాల సేఠ్‌కు కుర్చీ. వరండాకు, లోపటి దాలానుకు నడుమ తాడు కట్టి రెండు దుప్పట్లు ఏలాడేసిండ్రు. దుప్పట్ల అవతల ముప్పైమంది ఆడోళ్లు. బురఖాలోళ్లు, కొంగులోళ్లు, మా పెద్దమ్మ, చిన్నమ్మలు గూడ. రెండు దుప్పట్లు కలిసే సందుల నేను, సగం అటు, సగం ఇటు. సేఠ్ లేచి నిలవడి, దుప్పటి మీది గులాబీ పువ్వులకు నమస్కారం పెట్టి, ఉపన్యాసం మొదలుపెట్టిండు. తన సొంతది ఏది లేదని, తల్లులు ఏది చెప్తే అదేనని అరగంట చెప్పిండు.

అది అయిపోంగనే ఖాలా పాన్ దవడకు పెట్టుకొని నా చెవుల అన్నది, “అడుగు బేటీ. నా మనుమరాలి కుర్తాకు ఈయన దుకాణంల బట్ట తెస్తే గజానికి నాలుగు వేళ్లంత తక్కువొచ్చింది. బల్దియాకు గూడ అదే గజంకట్టె తీస్కపోతడా?” దాలాన్ల ఆడోళ్లందరు కిసకిస నవ్విండ్రు. నవ్వు ఇనపడి సేఠ్ మొఖం వెలిగింది. “ఏమంటున్నరు, ఏమంటున్నరు?” అని ముందుకు వంగిండు.

మా ఇంటి పెంపకం అసోంటిది. పెద్దమనిషి మొఖం మీద ఆ మాట ఎట్లంట. “గల్లీ అంత మీ దుకాణం బట్టనే కడుతున్నరంట సేఠ్” అని ఇటు వంగి, లోపటికి ఇనపడకుండ అన్న.

“హాఁ జీ, హాఁ జీ” అని మురిసిపోయిండు.

తర్వాత ఒకామె, “మొగోళ్లు ఇట్ల ఇండ్లు తిరుగుకుంట కూసుంటే ఆ దుకాణం ఎవరు నడుపుతున్నరు, పెండ్లామా?” అన్నది. “మీకు తీరిక లేకున్నా వచ్చినందుకు సంతోషపడుతున్నరు” అని చెప్పిన. ఇంకొకామె, “ఎండల తిరిగి తిరిగి పిచ్చి లేస్తది” అన్నది. “మీ ఆరోగ్యం పైలం అంటున్నరు” అన్న. అట్ల ఆ రోజు హాజీ సేఠ్ ప్రజాభిప్రాయం మొత్తం తెలుసుకొని, ఆడోళ్లల్ల తనకు ఎదురే లేదని నిర్ధారణ చేసుకొని ఇంటికి పోయిండు. నేను గూడ అబద్ధాలు ఆడిననుకోలే. మర్యాద చేసిననుకున్న. రెండింటికీ శాన దూరం లేదని తెలిసేటందుకు ఇంకొన్ని రోజులు పట్టింది.

మర్నాటి నుంచి నాకోసం పర్దా కట్టిన రిక్షా వచ్చుడు మొదలైంది. నడిస్తే నూరడుగులు లేని ఇండ్లకు గూడ రిక్షాల పోయేదాన్ని. రిక్షావాలా గూడ నన్ను ఉస్తానీ సాహెబా అనవట్టె. సేఠ్ ప్రతి మీటింగు తర్వాత, “పబ్లిక్ ఏమంటున్నది బిడ్డా” అని అంత పెద్దమనిషి చేతులు కట్టుకొని అడుగుతుంటే నాకు కైపెక్కేది. ప్రజలు అంటే ఎవరో గాదు, నేనే అన్న భ్రమ లీడర్లకే వస్తదనుకుంటరు. పర్దా కాడ కూసున్న పిల్లకు గూడ వస్తది.

నాలుగో మీటింగుల అసలు ముచ్చట వచ్చింది. గల్లీ నడిమిట్ల బల్దియాది ఒక ఖాళీ జాగ ఉండె. సేఠ్ ఆ జాగ సంగతి ఎత్తి, “అండ్ల ఏం కట్టియ్యమంటరు తల్లులు?” అని అడిగిండు. దుప్పటి అవతల ఒక్కసారి గుసగుసల లొల్లి. అందరిదీ ఒక్కటే మాట: నల్లా. గల్లీల ఒక్క నల్లా లేదు. ఉన్న నల్లా పెద్ద రోడ్డు అవతల, చాయ్ హోటల్ ముంగట. గోషా ఆడోళ్లు ఆడికి పోలేరు. తోలుసంచిల నీళ్లు మోసుకొచ్చే భిష్తీ ఉన్నడు గని, ఆయన తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తడు. “నల్లా అని చెప్పు బేటీ, ఒక్కటే ఒక్కటి, ఇంకేం వద్దు” అన్నది ఖాలా.

నేను సేఠ్ దిక్కు తిరిగిన. నిజంగ నల్లా అని చెప్పేటందుకే నోరు తెరిచిన. కని పొద్దుగాలనే విద్యాశాఖ నుంచి కాగితం వచ్చింది, బడి ఎప్పుడు ఖాళీ చేస్తరని. నా కండ్లల్ల ఆ కాగితమే ఆడుతున్నది.

“బడి అంటున్నరు సేఠ్” అన్న. “ఆడపిల్లల బడి గల్లీ దాటి పోవద్దంట. ఆ జాగల బడి కట్టియ్యమంటున్నరు.”

“ఇంత లొల్లి బడి కోసరమేనా?”

“మరేంది సేఠ్. కన్నతల్లులు గద.”

సేఠ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. (అంతకుముందు రోజు ఇంకో గల్లీల పతంగులు బంద్ చెయ్యమన్నప్పుడు గూడ తిరిగినయ్, పక్క గల్లీల పతంగుల పోటీ పెట్టమన్నప్పుడు గూడ.) ఆడికాడనే బడి కట్టిస్తనని మాటిచ్చిండు. లోపట ఆడోళ్లకు ఆయన బడి అంటున్నడని ఇనపడింది. “ఏంది, బడి అంటున్నడు?” అన్నరు. “నల్లా సంగతి గూడ చూస్తడంట, ముందు బడి అంట” అని ఇటు ఒక అబద్ధం, అటు ఒక అబద్ధం, నడుమ నేను. నల్లా ఎట్లయినా ఒకనాడు వస్తది, పోయిన బడి రాదు అని నాకు నేను చెప్పుకున్న. సక్కగనే ఉన్నట్టు అనిపించింది. మన మంచికి పనికొచ్చే మాట ఏదైనా అట్లనే అనిపిస్తది.

ఇంక చూడండి తమాషా. సేఠ్ రెండు భాషలల్ల కరపత్రాలు కొట్టించిండు: “ఈ గల్లీ తల్లుల ఒక్కటే కోరిక, నాలుగు అక్షరాలు నేర్పే ఆడపిల్లల బడి.” అది చూసి రెండో అభ్యర్థి, మా అమ్మ బియ్యం తీసుకున్నాయన, తాను రెండంతస్తుల బడి కట్టిస్తనన్నడు. మూడో ఆయన రెండంతస్తులతోని పాటు పూలతోట గూడ అన్నడు. నాలుగో ఆయన ఆడపిల్లలకు చదువెందుకని పోయిన వారమే చాయ్ హోటల్ల అన్న మనిషి. ఆయన గూడ గోడ మీద బడి బొమ్మ గీయించిండు. నలుగురికి నలుగురు, ఒక్కరు గూడ ఒక్క ఆడమనిషిని అడిగి తెలుసుకోకుండ, ఆడోళ్ల అభిప్రాయం ఎంబడి ఉరుకుతున్నరు. గల్లీల ఇంకా తమాషా. ప్రతి ఇంట్ల మొగోడు కరపత్రం చదివి, “బడి అడిగిండ్రంట గద మీరు” అంటున్నడు. ప్రతి ఇంట్ల ఆడామె, “నేను నల్లానే అన్న, పక్కింటోళ్లు అడిగిండ్రేమో” అంటున్నది. ఒకర్నొకరు అడుగుదామంటే, చదువు వద్దంటున్నవా అంటరేమోనని భయం. గల్లీ అంత ఎవరికి వాళ్లు ఊకున్నరు. నేను రిక్షాల పోయి వస్తున్న.

పోలింగుకు రెండ్రోజుల ముందు ఆఖరి మీటింగు, మళ్ల ఖాలా ఇంట్లనే. భిష్తీ పడకేసి మూడు రోజులైతున్నదంట, నాకు తెల్వదు. సేఠ్ మంచి ఊపు మీద ఉన్నడు. బడికి కిటికీలు ఎన్ని, ఏ దిక్కుకు అని చెప్తున్నడు. దుప్పటి అవతల నవ్వులు లేవు, మాటలు లేవు. సేఠ్ ఆగి, “తల్లులు ఏమంటున్నరు?” అన్నడు.

నేను నోరు తెరవకముందే ఖాలా నా భుజం మీద చెయ్యేసింది. “ఉస్తానీ, నల్లా అని చెప్పినవా, చెప్పలేదా?” అని మెల్లగ అడిగింది. నేను దుప్పటి అంచు సర్దుకుంట కూసున్న. ఆమె ఇంక అడగలే. పాన్ తీసి ఉమ్మిదాన్ల ఉమ్మేసి, గొంతు సవరించుకొని, దుప్పటి దిక్కు తిరిగింది.

“సేఠ్ సాబ్, సలాం. ఇది నా గొంతు. డెబ్బై దాటినంక గొంతుకు గోషా ఎందుకని నేనే మాట్లాడుతున్న.”

సేఠ్ కుర్చీల నుంచి లేచిన చప్పుడు ఇనవడ్డది.

“మేము బడి అడగలే. బడి ఉంటే మంచిదే, మా పిల్లలు గూడ చదువుతున్నరు. కని మేము అడిగింది నల్లా. మూడు దినాల నుంచి ఈ గల్లీల చెంబు కడుగలే. మొదటిరోజు నేను నీ దుకాణం గజంకట్టె గురించి అడిగిన, నాలుగు వేళ్లంత తక్కువని. అది నీకు చేరిందా?”

“చేరలేదమ్మా” అన్నడు సేఠ్ సన్నగ.

“ఇప్పుడు చేరిందా?”

“హాఁ జీ.”

ఒక్క మీటింగు కాదు, అన్ని మీటింగుల మాటలు ఆమె ఒక్కొక్కటి ఒప్పజెప్పింది. పెండ్లాం దుకాణం నడుపుడు, ఎండకు పిచ్చి లేసుడు, అన్నీ. నేను దుప్పటి సందుల నిలవడి, అటు పోలేక, ఇటు పోలేక, దుప్పటి మీద గులాబీలు ఎన్నున్నయో చూస్తున్న. సేఠ్ నన్ను తిడతడనుకున్న. ఆయన నా దిక్కు గూడ చూడలే. మనిషిని మెచ్చుకోవాలె, ఒక్క గుక్క ఊపిరి పీల్చి, నాలుక తడుపుకొని, ఇట్లన్నడు: “తల్లీ, నేను మొదటి నుంచి నల్లానే అంటున్న. బడి అంటే ఏంది? పిల్లలకు దూప అయితది. దూప అయితే నీళ్లు కావాలె. నీళ్లు కావాలంటే నల్లా కావాలె. ఆ నల్లా కోసరమే గద నేను బడి అన్నది.”

లోపట ఆడోళ్లు కడుపు పట్టుకొని నవ్విండ్రు. ఈసారి ఏమన్నరో ఆయన నన్ను అడగలే.

కొత్త కరపత్రాలు కొట్టిచ్చేటందుకు టైము లేదు. పాతవాటి మీదనే “బడి” అన్న మాట కొట్టేసి, పైన సిరాతోని “నల్లా” అని రాయించి పంచిండ్రు. “ఈ గల్లీ తల్లుల ఒక్కటే కోరిక, నాలుగు అక్షరాలు నేర్పే ఆడపిల్లల నల్లా” అని మా గల్లీ గోడల మీద శాన రోజులు ఉండె. పొద్దుగూకే వరకు రెండో ఆయన రెండు నల్లాలు అన్నడు. పూలతోట ఆయన, తోట ఎట్లయినా ఉంటది గనుక దానికి నీళ్లు గూడ అన్నడు.

అందరు పోయినంక ఖాలా నన్ను పక్కన కూసోబెట్టుకుంది. తిడితే ఏడ్చి తప్పించుకుందుననుకున్న. తిట్టలే.

“మీ ఇంట్ల బాయి ఉన్నది గద బేటీ” అన్నది.

“ఉన్నది ఖాలా.”

“అందుకే నీకు నల్లా అన్న మాట చెవుల పడలే.” పాన్ చుట్టుకుంట ఇంకో మాట అన్నది. “నా మనుమరాలిని నువ్వు దినాం మూలకు నిలవెడతవంట, లేటుగ వస్తున్నదని. అది పొద్దుగాల లేచి రోడ్డు అవతల నల్లా కాడ లైన్ల నిలవడి, రెండు బిందెలు తెచ్చి వస్తది.”

ఆ పిల్ల నాకు ఎన్నడు చెప్పలే. నేను ఎన్నడు అడగలే. సేఠ్ అన్నా నయం, ఆయన అడిగిండు. వార్డు మొత్తం ఆడోళ్ల నోరు అని మురిసిన నేను, నా కండ్ల ముంగట మూలకు నిలవడ్డ ఏడేండ్ల పిల్లను ఎందుకు లేటయిందని ఒక్క మాట అడగలే. ఆ రోజు ఇంటికి నడిచే పోయిన. రిక్షా ఎట్లయినా ఇంక రాలేదనుకోండి.

హాజీ సేఠ్ గెలిచిండు. మంచి మెజారిటీ. నల్లా గూడ, అబద్ధమెందుకు, నిజంగనే వచ్చింది. నల్లా మొదటిసారి తిప్పిన రోజు, ఈ గల్లీల నల్లా పెట్టించుడు తన చిన్ననాటి కల అని ఉపన్యాసమిచ్చిండు. ఎవరికీ నవ్వు రాలే, అందరు బిందెలు పట్టుకొని ఉన్నరు. బడి మాత్రం సైదాబాద్ పోయింది. రెండంతస్తులు, పూలతోట, గోడ మీది బొమ్మ, అన్నీ వాన నీళ్లకు కొట్టుకపోయినయ్. నాకు కడుపు మండింది. తప్పు నాదని తెలుసు, అయినా మండింది. ఒకనాడు బాపుతోని బట్టలు కొనేటందుకు పోయినప్పుడు దుకాణంలనే అడిగిన.

“సేఠ్, బడి కట్టిస్తనని గల్లీ అంత చెప్పిండ్రు గద.”

“పబ్లిక్ అడిగింది, చెప్పిన. పబ్లిక్ వద్దన్నది, ఊకున్న. నడుమ నేనెవర్ని బిడ్డా.”

“పబ్లిక్ వద్దనలే. నల్లా కావాలన్నది, అంతే.”

“మరి బడి కావాలన్నదెవరు?”

“నేను.”

సేఠ్ కత్తెర పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసిండు. “నీకెన్నేండ్లు బిడ్డా?”

“ఇరవై.”

“ఇరవై ఒకటి నిండితేనే గద ఓటు.” ఎగతాళి లేదు, కోపం లేదు, కొత్త గిరాకీకి బట్ట వెడల్పు చెప్పినంత సాదాగ చెప్పిండు. “నువ్వింక పబ్లిక్‌లకు రాలే బిడ్డా. ఒక్క ఏడాది ఆగు.”

బాపు దగ్గినట్టు చేసి నవ్వు దాచుకున్నడు. బట్ట మాత్రం ఆ రోజు గజానికి గజం నిండుగ వచ్చింది. ఇంటికి పోయినంక అమ్మ కొలిచి చూసింది.

కొలువు పోలేదు. అది సేఠ్ పుణ్యం గాదు. ఖాలా బురఖా ఏసుకొని మా ఇంటికొచ్చి, తలుపు అవతలి నుంచి మా బాపుతోని మాట్లాడింది. గల్లీ పిల్లలు ఎనిమిదిమంది సైదాబాద్ బడికి పోతరని, రెండు పర్దా రిక్షాలు మాట్లాడిండ్రని, ఎంబడి ఉస్తానీ లేకుంటే ఏ తల్లీ పంపదని చెప్పింది. బాపు వారం రోజులు ఆలోచించిండు. ఆ వారంల గుడికి పోతే ఒకరు, దఫ్తర్ నుంచి వస్తుంటే ఒకరు, “ఏం పంతులూ, పంపుతున్నవా” అని అడుగవట్టిరి. ఆఖరికి, “గల్లీ అంత అంటున్నది, నేనొక్కణ్ణి కాదంటె ఏం బాగుంటది” అన్నడు. బాపు ఎలక్షన్లల్ల నిలవడితే గెలిచేటోడేమో. అట్ల నేను పిల్లలను ముంగటేసుకొని సైదాబాద్ పోయిన, అక్కడనే పర్మనెంట్ గూడ అయిన. లేటుగ వచ్చిన పిల్లలను మూలకు నిలవెట్టుడు మాత్రం మానేసిన.

మళ్ల ఎలక్షన్లు వచ్చేసరికి నాకు ఓటు వచ్చింది. హాజీ సేఠ్ మా గల్లీకి ఎప్పుడొస్తడా అని నేను ఎదురుచూస్తున్న. అన్నేండ్లు కూడబెట్టుకున్న మాటలు ఉన్నయ్ నా దగ్గర. పిల్లలకు పాఠం చెప్పుకుంట గూడ లోపల్లోపట సాపు చేసుకునేదాన్ని. ఏ మాట తర్వాత ఏ మాట, ఎక్కడ ఆపాలె, ఎక్కడ గొంతు పెంచాలె. “వస్తే ఆడికాడనే తిడుత” అని బాపుకు గూడ చెప్పి పెట్టిన.

వచ్చిండు. నెత్తి ఇంకింత బోడిగయింది. నన్ను చూసి, “బిడ్డా, ఇప్పుడు నువ్వు పబ్లిక్” అని కుర్చీ గుంజుకొని నా ఎదురుంగ కూసున్నడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, “చెప్పు. ఏం కావాలె నీకు?” అన్నడు. నన్ను అట్ల ఎదురుంగ కూసోబెట్టుకొని, నాకేం కావాలెనో అంతకుముందు ఎవరు అడగలేదు. గల్లీ మలుపుల దీపం గురించి చెప్పిన. సైదాబాద్ తొవ్వల గుంతల గురించి చెప్పిన. బడికి కిటికీలు లేవని చెప్పిన. ఇంక ఇంక ఏవేవో చెప్పిన. ఆయన అన్నిటికీ తల ఊపుతనే ఉన్నడు. అండ్ల ఒక్క పని గూడ కాదని నాకు తెలుసు. తెలిసి గూడ చాయ్ ఇచ్చిన. చాయ్ తాగి పోయిండు. పోలింగు రోజు పొద్దుగాలనే లేచి, తలంటి పోసుకొని పోయి, ఆయనకే ఓటేసొచ్చిన.

అరుగు మీద కూసున్న బాపు నా ఏలి మీద నల్ల సిరా చూసి, “ఏంది, ఆడికాడనే తిడుత అంటివి గద?” అన్నడు.

“ఇంకోసారి వస్తడు గద బాపు, అప్పుడు తిడుత” అన్న.

ఆ ఇంకోసారి ఎన్నిసార్లు వచ్చిందో, ఎంతమంది వచ్చి అదే కుర్చీ గుంజుకొని కూసున్నరో. ఇప్పుడు నాకు ఖాలా వయసు. మొన్న గూడ ఎవరో పిలగాడు వచ్చి, “ఏం కావాలె అమ్మమ్మా” అని అడిగిండు. నేను కండ్లద్దాలు పెట్టుకొని, “కాగితం మీద రాసుకో నాయనా, ఏం రాసినవో చూస్త” అన్న.